బొంత కడుపులో పడినవి

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది పిల్లి. తెలుపు, నలుపు, గోధుమ రంగు ముక్కలు అతికి కుట్టినట్టుండే దాని ఒళ్ళు చూసి, ఇంట్లోనే బట్టలు కుట్టే ఆ ఇంటి కోడలు, దర్జీ, దానికి బొంత అని పేరు పెట్టింది. కుట్టుమిషను కింద పీలికల బుట్టలోంచి లేచి, వెన్ను విల్లులా వంచి ఒళ్ళు విరుచుకుని, హాలు దాటి వంటింటి వైపు తీరిగ్గా నడిచేది. అది నడుస్తుంటే వెనక కాళ్ళ ముందు, పొట్ట కింది చర్మం సగం నీళ్ళు పోసిన సంచిలా అటూ ఇటూ ఊగేది.

"అమ్మగారు బయల్దేరారు, తప్పుకోండి" అనేది అత్తగారు, టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చున్న చోటునుంచి కదలకుండానే. మనవరాలు గువ్వ పళ్ళు తోముకుంటూ బొంత వెనకే పొట్ట ఊపుతూ నడిచేది. వాళ్ళ నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బస్సు తాళాలు జేబులో వేసుకుని, "రా గువ్వా, ఆలస్యమైతే నిన్ను వదిలేసి పోతా" అనేవాడు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. గువ్వ చదివేదీ ఆ స్కూల్లోనే, ఎక్కేదీ ఆ బస్సే. వాళ్ళిద్దరూ రెండంతస్తులు దిగి వీధి చివర షెడ్డుదాకా నడిచి వెళ్ళడం, దర్జీ కిటికీలోంచి చూడటం, తర్వాత మిషను ముందు కూర్చోవడం. ఏళ్ళ తరబడి వాళ్ళ పొద్దు అలాగే పొడిచింది.

బొంత పొట్టలో ఏముంటుందో ఆ ఇంట్లోనే కాదు, పిల్లి ఉన్న ఏ ఇంట్లోనైనా తెలిసిందే. మనుషులు అనబోయి మింగేసిన మాటలుంటాయి. వీధుల్లో తిరిగే పిల్లులు వాటిని గోడల మీదా కప్పుల మీదా దులిపేసుకుని వస్తాయి. పిల్లల్ని కనే పిల్లులు ఈతకి కొన్ని చొప్పున పంచి పంపేస్తాయి. ఆపరేషనై, గడప దాటకుండా ఇంట్లోనే ఉండే ఆడపిల్లులకి ఈ రెండు దారులూ లేవు. అందుకే వాటి పొట్టలు అలా జారతాయి. చిన్నాచితకా మాటలు పెద్ద ఇబ్బంది కాదు. కూరలో ఉప్పెక్కువైందని అనకుండా ఊరుకున్నవి, ఆ చీర నీకు నప్పలేదని అనకుండా ఊరుకున్నవి పిల్లి గుర్రుమంటూ పడుకుంటే నాలుగు రోజుల్లో అరిగిపోతాయి. పొట్టకి చెవి ఆనిస్తే లోపలి మాట వినపడుతుంది. కానీ ఎవరూ ఆనించరు. అది మర్యాద కాదు. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు వాళ్ళ పిల్లిని ఒళ్ళోకి తీసుకోకూడదని చిన్నప్పుడే నేర్పుతారు.

ఆ ఏడు చలికాలం మొదలయ్యేసరికి బొంత పొట్ట నేలకి ఆనింది.

మొదట దర్జీ తిండి తగ్గించింది. బొంత ఒళ్ళు చిక్కింది, వెన్నుపూసలు చేతికి తగిలాయి, పొట్ట మాత్రం అలాగే ఉంది. కిటికీ మీదికి దూకడం మానేసింది. ఒకరోజు బుట్టలోంచి దిగబోయి పొట్ట అంచుకి చిక్కుకుని వేలాడిపోతే దర్జీ చూసి భయపడి, మెత్తటి గుడ్డలో చుట్టి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ బొంతని బల్ల మీద నిలబెట్టి, పొట్టని రెండు చేతుల్తోనూ నిదానంగా తడిమింది.

"కొవ్వు కాదమ్మా ఇది. గడ్డ కూడా కాదు. పిల్లులన్నిటికీ ఇక్కడ చర్మం వదులుగానే ఉంటుంది. పోట్లాటలో కిందనుంచి గోళ్ళు పడితే లోపల పేగులకి తగలకుండా అడ్డం అది. సాగి దూకడానికీ పనికొస్తుంది. ఆపరేషనయ్యాక ఇంకాస్త జారుతుంది. చూడ్డానికి బాగుండదు గానీ జబ్బేం కాదు."

"మరి ఇంత బరువేంటండీ? ఎత్తలేకపోతున్నాను."

డాక్టరమ్మ చేతులు ఒకచోట ఆగాయి. అక్కడ వేళ్ళతో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కింది. ఆ తర్వాత దర్జీ మొహంలోకి కాకుండా చేతులు కడుక్కునే తొట్టి వైపు చూస్తూ అంది.

"అరగనివి ఉన్నాయి. ఒకళ్ళవి కాదు."

"కోసి తీసెయ్యడానికి లేదా?"

"తియ్యొచ్చు. తీస్తే ఇక్కడే గాల్లో కలిసిపోతాయి. మీరు ఇంటికెళ్ళి మళ్ళీ అవే మింగుతారు." ఆవిడ చేతులు తుడుచుకుంది. "ఇంకా ఎక్కువైతే దాని వెన్ను తట్టుకోదు. ఎవరివి వాళ్ళు బయటికి అనేస్తే దానంతటదే తేలికవుతుంది. పిల్లికి రాసిచ్చే మందేం లేదమ్మా."

దర్జీ బొంతని మోసుకుంటూ ఇంటిదారి పట్టింది. అందులో తనవేవో తనకి తెలుసు. ఒకళ్ళవి కాదన్న మాటే మింగుడుపడలేదు.

తనది ఒకటే ప్రశ్న. ఏవండీ, మీకు కళ్ళు సరిగ్గా కనపడుతున్నాయా?

అది మొదలై చాలా నెలలైంది. పక్కన పెట్టిన టీ గ్లాసుని ఆయన మోచేతితో తోసేసేవాడు. ఎదురుగా పెడితే బాగానే తీసుకునేవాడు. ఒకసారి ఆమె మిషను స్టూలు రెండడుగులు ఇవతలికి జరిపితే, పట్టపగలు దాన్ని గుద్దుకుని మోకాలి కింద చెక్కుకుపోయింది. "దీన్నెవడిక్కడ పెట్టాడు!" అని అరిచాడు. అంతకు ముందెప్పుడూ అరిచేవాడు కాదు. ఆ తర్వాత ఆమె స్టూలు జరపలేదు. కొన్నాళ్ళకి గమనించింది, తను ఏ వస్తువునీ జరపడం లేదు. అత్తగారు కూడా గువ్వని ప్రతిదానికీ కసురుతోంది. "చెప్పులు దారిలో విప్పకే! సంచి గోడవారకి పెట్టవే!" ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే ఇల్లంతా గోడలవారకి సర్దుకుంది. మధ్యలో ఆయన నడవడానికి ఒక బాట మిగిలింది.

చీకటిపడ్డాక ఆయన బయటికి వెళ్ళడం మానేశాడు. ఎవరైనా పిలిస్తే ఒళ్ళునొప్పులనేవాడు. సాయంత్రం స్కూలునుంచి వచ్చేటప్పుడు గువ్వ సంచి పట్టుకుని, "నువ్వు ఇంజను, నేను పెట్టె. లాక్కెళ్ళు" అనేవాడు. అది ఆటే అనుకుంది దర్జీ, కిటికీలోంచి. ఒక సాయంత్రం బస్సు ఎడమవైపు అద్దం వంగిపోయి, తలుపు కింద గీత పడి వచ్చింది. "షెడ్డు గోడ కాస్త గీసుకుంది" అన్నాడు. ఆ రోజే గువ్వ మోచేయి దోక్కుపోయి వచ్చింది. ఆటస్థలంలో పడ్డానంది.

అడగాలని ఎన్నిసార్లో అనుకుంది దర్జీ. ఆయన అన్నం తింటున్నప్పుడు, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నప్పుడు నోటిదాకా వచ్చేది. ఆయన పద్దెనిమిదేళ్ళ వయసులో స్టీరింగు పట్టినవాడు. పెళ్ళిచూపుల్లో నీకేమొచ్చు అని ఆమె బాబాయి అడిగితే, "బండి నడపడం ఒక్కటే వచ్చండీ" అని సిగ్గుపడుతూ చెప్పినవాడు. అడిగితే ఆయన జవాబు చెప్పాలి. చెబితే అది నిజమైపోతుంది. గుటక వేసేది. మిషను కింద బొంత ఉలిక్కిపడి, పొట్ట సర్దుకుని పడుకునేది.

డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం, అత్తగారు కింది అంతస్తుకి కబుర్లకి వెళ్ళిన సమయంలో, దర్జీ తలుపు గడియపెట్టింది. బొంత పక్కన నేల మీద పడుకుని, సిగ్గు విడిచి, పొట్టకి చెవి ఆనించింది.

తన గొంతే వినపడింది. ఏవండీ మీకు కనపడుతోందా. ఏవండీ కళ్ళు చూపించుకోకూడదూ. ఏవండీ. ఏవండీ. ఒకదాని మీద ఒకటి పడి, సంతలో జనం తోసుకున్నట్టు, అంతా తనే. కింద ఇంకెవరివో ఉన్నాయి. గొణుగుడు తెలుస్తోంది. తన మాటలు అడ్డం తొలగితే కదా వినపడటానికి. బొంత తల తిప్పి ఆమె చెవి నాకింది. ఆమె లేచి కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ వారంలోనే స్కూలువాళ్ళు పిల్లల్ని కొండ మీది సరస్సుకి తీసుకెళ్ళాలని నిర్ణయించారు. బస్సుల వ్యవహారం చూసే మేనేజరు స్వయంగా ఇంటికి వచ్చాడు.

"ఘాటు రోడ్డు కదా, కొత్తవాణ్ణి నమ్మలేను. నువ్వైతే నాకు దిగులుండదు. తెల్లారకముందే బయల్దేరి, సాయంత్రం సరస్సు మీద పొద్దుగుంకడం చూపించి దిగడం. ఏమంటావ్?"

దర్జీ చేతిలో టీ పళ్ళెం ఉంది. గ్లాసు తీసి ఇవ్వడం మరిచిపోయింది. తెల్లారకముందు. పొద్దుగుంకాక. మలుపులు.

"దానికేముంది సార్, వెళ్దాం" అన్నాడు డ్రైవరు, ఎదురుగా గోడ వైపు చూసి నవ్వుతూ. మేనేజరు పక్క కుర్చీలో ఉన్నాడు.

మేనేజరుని సాగనంపడానికి దర్జీ దిగితే, మెట్ల మీద కింది అంతస్తు ఆవిడ ఎదురైంది. ఆవిడ కవల పిల్లలిద్దరూ ఆ బస్సే ఎక్కుతారు. "మీ ఆయన నడుపుతున్నారంటే మాకు నిశ్చింత వదినా" అంది దర్జీతో. దర్జీ నవ్వింది. ఆ నవ్వుతో పాటు ఏం మింగిందో ఏమో, పైన గదిలో బొంత మూలిగింది.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం భోజనాల దగ్గర ఎవరికీ ముద్ద దిగలేదు. గువ్వ ఒక్కతే సరస్సులో పడవలుంటాయా, చేపలుంటాయా అని అడుగుతోంది. అయితే ఆ అడగడంలోనూ రోజూ ఉండే గంతులు లేవు.

"ఒరేయ్" అంది అత్తగారు, కంచం వైపు చూస్తూ. "ఒంట్లో బాగాలేదని చెప్పెయ్యరాదూ? చలిగా ఉంది."

"నాకేమైందమ్మా ఒంట్లో?"

"ఏం కాలేదు. ఊరికే అన్నా."

"ఊరికే ఎందుకంటావ్? చెప్పు. నాకేమైంది?"

ఆయన గొంతు పెరిగింది. అత్తగారు నోరు తెరిచింది. ఆ క్షణంలో ఆవిడ మొహం చూసిన దర్జీకి అర్థమైంది, ఈవిడకీ తెలుసు. అత్తగారు నోరు మూసుకుని నీళ్ళు తాగింది. మిషను కింద పీలికల బుట్ట కిర్రుమని ఒక పక్కకి ఒరిగింది.

తర్వాత దర్జీ గువ్వని పక్కగదిలోకి లాక్కెళ్ళి, "రేపు నువ్వు వెళ్ళొద్దు. కడుపునొప్పని చెప్పు" అంది గుసగుసగా.

గువ్వ అమ్మ కళ్ళలోకి చూసింది. ఎందుకని అడగలేదు.

"మరి కింది కవలలు వెళ్తున్నారుగా అమ్మా?"

దర్జీకి చెంప మీద కొట్టినట్టైంది. కూతురి జుట్టు సవరించి, "పడుకో" అంది.

తెల్లవారేముందు హాల్లో దీపం వెలిగింది. బయట ఇంకా మసకగా ఉంది. కిందనుంచి పిల్లల కేకలు, వాళ్ళ అమ్మల హెచ్చరికలు వినపడుతున్నాయి. షెడ్డుదాకా వెళ్ళకుండా అందరూ భవనం ముందే గుమిగూడారు. బస్సు రాత్రే తెచ్చి అక్కడ పెట్టారు. డ్రైవరు చొక్కా తొడుక్కుని, తాళాలు తీసుకుని గదిలోంచి వచ్చాడు. గోడలవారకి సర్దిన సామాన్ల మధ్యనుంచి తన బాటలో తను, తల నిటారుగా పెట్టుకుని గుమ్మం వైపు నడుస్తున్నాడు.

గుమ్మంలో బొంత పడుకుని ఉంది.

అది బుట్టలోంచి ఎలా వచ్చిందో ఎవరూ చూడలేదు. పొట్టని ఈడ్చుకుంటూ వచ్చినట్టు నేల మీద పీలికల జాడ ఉంది. గడపకి అడ్డంగా, పొట్ట పరుచుకుని, కదలకుండా ఉంది. దీపం దాని మీదే పడుతోంది. తెలుపు, నలుపు, గోధుమ రంగు.

దర్జీ చూసింది. గుమ్మం పక్కన కూర్చున్న అత్తగారు చూసింది. పిల్లి! అంటే చాలు. ఒక్క మాట. ఆయన ఆగుతాడు, దాటుకుని వెళ్తాడు. కానీ ఆ మాట అంటే, నీకు కనపడలేదు అని అన్నట్టే. ఇద్దరూ ఆయన పాదం వైపే చూస్తూ ఉండిపోయారు. చూస్తాడేమో. ఇప్పుడు చూస్తాడేమో. దర్జీ పిడికిలి బిగించి, ఇన్ని నెలలుగా ఆయన మీద ఏ నమ్మకంతో బతికిందో ఆ నమ్మకమంతా ఆ పాదం మీద పెట్టింది. పిల్లి అనే ఆ ఒక్క మాటని కూడా ఇద్దరూ మింగేశారు.

ఆయన నేరుగా బొంత పొట్ట మీద కాలు వేశాడు.

బొంత అరవలేదు. నోరు తెరిచింది. దర్జీ గొంతు వచ్చింది.

"ఏవండీ మీకు కళ్ళు కనపడుతున్నాయా? ఏవండీ అది గోడేనా? ఏవండీ, భయమేస్తోందండీ."

ఆయన కాలు తీసి గోడకి ఆనుకున్నాడు. అయినా ఆగలేదు. దర్జీ మాటలు అయిపోయాక, కిందనుంచి బొంగురుగా, పాతబడ్డ గొంతు లేచింది. అది అత్తగారిది.

"మీ నాన్నకీ ఇలాగే మొదలైందిరా. ముందు చీకట్లో. తర్వాత పక్కలు. ఆఖరికి ఎదురుగా నిలబడితే నా మొహంలో ముక్కొక్కటే కనపడేదన్నాడు. నువ్వప్పుడు చంటివాడివి, ఆయన్ని చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది నేనే. నీకు చెబితే నీ చేతిలో బండి ఉంటుందా? నాకు చేతకాలేదురా. చెప్పడం చేతకాలేదు."

అత్తగారు రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

ఆ తర్వాత వచ్చింది ఆయన గొంతే. ఇంట్లో ఎప్పుడూ విననంత చిన్నగా ఉంది.

"ఎర్రదీపం ఎక్కడుందో నాకు తెలీదు. ముందు బండి ఆగితే ఆగుతున్నాను. పిల్లలు ఎక్కారో లేదో గొంతుల్ని బట్టి తెలుసుకుంటున్నాను. ఆ రోజు షెడ్డులో తగిలింది గోడ కాదు. గోడ ఇంకా దూరం. ఏం తగిలిందో నాకు తెలీదు. దిగి చూడ్డానికి భయమేసింది."

కింద ఎవరో హారను కొట్టి నవ్వారు. డ్రైవరు సీట్లోంచి ఎవరో పిల్లాడిని దింపుతున్నట్టున్నారు. బొంత ఇంకోసారి నోరు తెరిచింది. గట్టిపడిన గింజలా, అన్నిటికంటే అడుగున ఉన్నది, అన్నిటికంటే చిన్నది.

"అది నేనే నాన్నా. నా సంచికి తగిలింది. పడ్డాను. నువ్వు చూళ్ళేదు."

ఊరెళ్ళే బట్టల్లో, టోపీ పెట్టుకుని, గువ్వ గది గుమ్మంలో నిలబడి ఉంది. తన గొంతు తనకే వినపడేసరికి పెదవి కొరుక్కుంది. మోచేతి మీద చెయ్యి పెట్టుకుంది.

డ్రైవరు గోడవెంట జారి కింద కూర్చున్నాడు. తాళాల గుత్తి ఒళ్ళో పడింది. ఆయన చేతులు గాల్లోకి చాచి వెతికాయి. గువ్వ పరిగెత్తుకొచ్చి ఆ చేతుల్లో దూరింది. ఆయన ఆ పిల్ల తల, భుజాలు, మోచేయి, మణికట్టు, ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఎముక ఎముకా లెక్క చూసుకుంటున్నట్టు తడిమాడు. ఆయన నోట్లోంచి ఏడుపు రాలేదు. ఊపిరి మాత్రం, నీళ్ళలోంచి పైకి తేలిన మనిషికి వచ్చినట్టు వచ్చింది.

"కిందికి పద" అన్నాడు కాసేపటికి. "చెయ్యి పట్టుకో. ఆట కాదు. నిజంగానే పట్టుకో."

దర్జీ వెంట వెళ్ళబోయింది. అత్తగారు ఆపింది. "వాణ్ణి వెళ్ళనీ అమ్మాయ్."

కిటికీలోంచి చూసింది దర్జీ. పిల్లలు, తల్లిదండ్రులు, వెలుగుతున్న బస్సు దీపాలు. మేనేజరు చెయ్యెత్తాడు. డ్రైవరు ఆయన ముందుకి వెళ్ళి తాళాలు చాచాడు. అందరికీ వినపడేలా అన్నాడు.

"నేను నడపను సార్. నాకు కళ్ళు కనపడట్లేదు."

మేనేజరు నవ్వబోయాడు. డ్రైవరు తాళాలు చాచింది ఆయనకి ఒక అడుగు పక్కకి. అది చూసేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?" అంది కింది అంతస్తు ఆవిడ.

"చాలా నెలల్నుంచి అమ్మా."

ఆవిడ కవలలిద్దర్నీ రెండు చేతుల్తో దగ్గరికి లాక్కుంది. ఏమీ అనకుండా ఊరుకుంటుందేమో అనుకున్నారు అందరూ. కానీ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మా పిల్లలండీ" అంది. "మీ చేతుల్లో పెట్టాం కదండీ. రోజూ టాటా చెప్పాను కదండీ మీకు."

డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు. క్షమించమని అడగలేదు, ఆవిడా క్షమించలేదు. ఆ తర్వాత మెట్ల మీద ఎదురైనా ఆవిడ వాళ్ళతో మాట్లాడటం మానేసింది. దాన్ని తప్పని దర్జీ ఎన్నడూ అనుకోలేదు.

వేరే డ్రైవరు వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. పిల్లలు విసుక్కున్నారు, తర్వాత పాటలు పాడుతూ వెళ్ళారు. గువ్వ కూడా వెళ్ళింది. రోజంతా దర్జీ ఒక్క కుట్టు కూడా వేయలేకపోయింది. చీకటిపడ్డాక బస్సు దీపాలు వీధి మలుపులో కనిపించాయి. పిల్లలందరూ ఎండకి కమిలి, నిద్రమొహాలతో, జేబుల నిండా గులకరాళ్ళతో దిగారు. ఏమీ జరగలేదు. ఆయన నడిపితే ఏం జరిగేదో ఎవరికీ తెలియదు. దాని గురించి ఆ ఇంట్లో మాట్లాడుకున్నారు, చాలాసార్లు, ఏడుస్తూ, ఒకర్నొకరు తిట్టుకుంటూ.

బొంత ఆ రోజంతా పడుకుని, మర్నాడు కిటికీ మీదికి దూకింది. పొట్ట తేలికైంది గానీ సాగిన చర్మం లోపలికి పోలేదు. ఇకముందూ పోదని డాక్టరమ్మ చెప్పింది. ఖాళీ సంచిలా ఊగుతూనే ఉంది.

కంటి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆయన్ని చీకటి గదిలో కూర్చోబెట్టి, చుక్కలు చూపించి, చాలాసేపు పరీక్ష చేశాడు. పోయిన చూపు రాదన్నాడు. మిగిలినది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. వంశంలో నడిచే జబ్బన్నాడు. డ్రైవరు ఇంటికొచ్చి కొన్నాళ్ళు మంచం దిగలేదు. మేనేజరు కబురుపెట్టి, పగటిపూట బస్సుల లోపల ఊడ్చి తుడిచే పనుంది చేస్తావా అంటే, మొదట కబురు తెచ్చినవాడి మొహం మీదే తలుపేశాడు. రెండోసారి అడిగితే వెళ్ళాడు. మొదటి రోజు సాయంత్రం తిరిగొచ్చి, "డ్రైవరు సీట్లో కూర్చున్నాను కాసేపు, ఎవరూ చూడకుండా" అని పెళ్ళానికి చెప్పాడు. ఆమె ఆయన తల నిమిరి, "కూర్చోండి, తప్పేముంది" అంది.

అందరూ ఇంట్లో ఉన్న ఒక ఆదివారం సాయంత్రం, దర్జీ మిషను తొక్కుతోంది. అత్తగారు దారపుండలు విడదీస్తోంది. డ్రైవరు చాప మీద కూర్చుని గువ్వ చెప్పులకి పట్టీ బిగిస్తున్నాడు, వేళ్ళతో తడుముకుంటూ. గువ్వ ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నాన్నా, తాతకి వచ్చింది. నీకు వచ్చింది. నాకూ వస్తుందా?"

మిషను ఆగిపోయింది. అత్తగారి చేతిలో దారం ఆగిపోయింది. అలాంటి మాటలనకూడదే అన్న మాట ఆవిడ నాలుక చివర కదిలింది. దర్జీకి ఛ, నీకెందుకొస్తుంది అనాలనిపించింది. ఇద్దరూ ఆయన వైపు చూశారు.

డ్రైవరు చెప్పు పక్కన పెట్టాడు. తల తిప్పి, గువ్వ మొహం తన చూపు మిగిలిన ఆ చిన్న గుండ్రటి చోటులోకి వచ్చేదాకా వెతుక్కుని, అక్కడ ఆపాడు.

"రావచ్చు" అన్నాడు. "రాకపోవచ్చు. నాకు తెలీదమ్మా. రేపు నిన్నూ తీసుకెళ్ళి చూపిద్దాం."

"వస్తుందంటే?"

"నాకు చెప్పినవాళ్ళు లేరు. నీకు ముందే తెలుస్తుంది."

గువ్వ భయపడింది. ఆ భయం దాచుకోలేదు.

"అయితే నేను బస్సు నడపకూడదా?"

"నడపకూడదు."

"నాకు బస్సే నడపాలనుందిగా."

"తెలుసు" అన్నాడు. "నాకూ అదే ఉండేది. ఇంకా ఏమేం చెయ్యొచ్చో చూద్దాం. చాలా ఉంటాయి. నీకిప్పుడు తొమ్మిదేళ్ళేగా, వెతుక్కోవడానికి బోలెడు టైముంది. ఇలా రా, చెప్పు, ఇంకా ఏమేం ఇష్టం నీకు?"

గువ్వ జరిగి ఆయన పక్కకి వచ్చి కూర్చుని, కాసేపు ఏడ్చి, తర్వాత ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. దర్జీ సూదిలో దారం అలాగే వదిలేసి లేచి వచ్చి, వాళ్ళిద్దరి ఎదురుగా చాప మీద కూర్చుంది.